మంచాన పడ్డవాళ్ళను ఇంట్లో చూసుకోవడం: పడుకోవడం వల్లే వచ్చే జబ్బులు, వాటిని ఆపే పనులు

ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే అందరి దృష్టీ పడేసిన జబ్బు మీదే ఉంటుంది. పక్షవాతం ఎంత తగ్గింది, విరిగిన తుంటి ఎముక అతికిందా, స్కాన్‌లో ఏం వచ్చింది, మందులు మార్చారా, రోజంతా ఇదే టెన్షన్. అది సహజం. కానీ ఇంటికి తెచ్చాక ఆ మనిషిని మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తించేది చాలాసార్లు ఆ మొదటి జబ్బు కాదు. నడుము కింద లేచిన పుండు, ఊపిరితిత్తుల్లో చేరిన కఫం, కాలిలో గడ్డకట్టిన రక్తం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఇలాంటివి. ఇవన్నీ కదలకుండా పడుకోవడం వల్ల వచ్చేవి. ఇంట్లోవాళ్ళు కనిపెట్టి చూసుకుంటే వీటిలో చాలావాటిని ఆపొచ్చు, ఆపలేనివాటిని మొదట్లోనే పట్టుకోవచ్చు. కానీ ఏం చూడాలో, ఎందుకు చూడాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, డిశ్చార్జ్ కాగితంలో మందుల పేర్లు ఉంటాయి, అంతే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పడుకోబెట్టడమే విశ్రాంతి అనుకోవద్దు

1947లోనే రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు, రోగిని అవసరానికి మించి మంచం మీద ఉంచడం ప్రమాదమని వైద్య పత్రికలో గట్టిగా రాశాడు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న 20 ఏళ్ళ కుర్రాళ్ళు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. అదే అయిదుగురిని 30 ఏళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే, మధ్యలో మీద పడిన 30 ఏళ్ళ వయసు కంటే ఆ మూడు వారాల మంచమే వాళ్ళ గుండె, ఒంటి సత్తువను ఎక్కువ దెబ్బతీసిందని తేలింది. ఏ జబ్బూ లేని కుర్రాళ్ళ సంగతే అది. 2007లో వచ్చిన ఇంకో పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్ళు 10 రోజులు మంచం మీద ఉంటే కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. మళ్ళీ పెంచుకోవడానికి దానికంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

కాబట్టి ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఈ మనిషి ఎంతవరకు కదలొచ్చు? ఒత్తిగిలి పడుకోవచ్చా, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టొచ్చా, కాళ్ళు మంచం కిందకి వేలాడేసి కూర్చోవచ్చా, కాలి మీద బరువు వెయ్యొచ్చా, ఏ వైపు తిప్పకూడదు. ఒక్కోదానికీ జవాబు కాగితం మీద రాయించుకోండి. నేను గమనించినంతలో చాలా ఇళ్ళలో ఈ ప్రశ్న అడగరు, అడక్కపోవడం వల్ల భయంతో అసలు కదపరు, కూర్చోగలిగిన మనిషి కూడా నెలల తరబడి వెల్లకిలా పడుకునే ఉండిపోతాడు. తనంతట తాను చెయ్యగలిగింది, అది ముఖం తుడుచుకోవడమే అయినా సరే, తన చేతే చేయించండి. టైం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

చర్మం: రోజుకి రెండుసార్లు, మంచి వెలుతురులో

అన్నిటికంటే ముందు వచ్చేవి, మాన్పడానికి అన్నిటికంటే కష్టమైనవి పడక పుండ్లు, అదే బెడ్‌సోర్స్. మనం నిద్రలో కూడా మనకి తెలియకుండానే పక్కకి ఒత్తిగిలుతూ ఉంటాం, ఎందుకంటే ఒక చోట బరువు ఎక్కువసేపు ఆనితే శరీరం నొప్పితో చెబుతుంది. స్పర్శ లేని మనిషికి ఆ కబురు అందదు, బలం లేని మనిషికి అందినా కదల్లేడు. అప్పుడు ఎముకకీ పరుపుకీ మధ్య కండా చర్మమూ నలిగి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి, ఆ చోటికి రక్తం అందక కణజాలం చచ్చిపోతుంది. ఇది కొన్ని గంటల్లోనే మొదలవ్వచ్చు. తరచుగా లోపల ఎముక దగ్గర ముందు కుళ్ళి ఆ తర్వాత పైకి కనపడుతుంది, అందుకే పైన చిన్న రంధ్రంలా ఉన్న పుండు లోపల పెద్ద గుంత అయ్యుండొచ్చు.

ఎక్కడ చూడాలి? వెల్లకిలా పడుకునేవాళ్ళకి తల వెనక, భుజం రెక్కలు, మోచేతులు, నడుము కింద పిరుదుల పైభాగంలో ఉండే ఎముక, మడమలు. పక్కకి పడుకునేవాళ్ళకి చెవి, భుజం, తుంటి పక్కన పొడుచుకొచ్చే ఎముక, మోకాళ్ళు ఒకదానికొకటి తగిలే చోటు, చీలమండలు. కుర్చీలో కూర్చునేవాళ్ళకి పిరుదుల కింది ఎముకలు. ఇవి కాక గొట్టాల కింద కూడా చూడాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆక్సిజన్ ట్యూబు చెవి వెనక కోసుకుపోతుంది, ముక్కులోంచి వేసిన ఫీడింగ్ ట్యూబు ముక్కు అంచుని తినేస్తుంది, మూత్రం బయటికి రావడానికి పెట్టే క్యాథెటర్ గొట్టం తొడ కింద ఇరుక్కుంటే అక్కడే వాత తేలుతుంది.

ఎర్రటి మచ్చ కనపడితే వేలితో కాసేపు నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతున్నట్టు, ఆ వైపు బరువు పడకుండా చూస్తే తగ్గిపోతుంది. నొక్కినా తెల్లబడకపోతే అది పుండులో మొదటి దశ, పైన చర్మం చెక్కుచెదరకుండా ఉన్నా సరే. చామనఛాయ, నలుపు చర్మం మీద ఈ ఎరుపు తెలియదు. అక్కడ చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురుగా, ఊదాగా ఉందేమో చూడాలి, చేత్తో తాకితే చుట్టుపక్కల కంటే వెచ్చగా గానీ చల్లగా గానీ, గట్టిగా గానీ మెత్తగా గానీ ఉందేమో గమనించాలి. కంటి కంటే వేళ్ళకే ముందు తెలుస్తుంది.

అలాంటి మచ్చ కనపడ్డ చోట చెయ్యకూడని పని మసాజ్. రక్తం ఆడుతుందని నూనె రాసి గట్టిగా రుద్దుతారు, నిజానికి అప్పటికే లోపల నలిగిపోయిన కణజాలం ఇంకా చిట్లుతుంది. మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి రింగు దిండ్లు కూడా వద్దు, అవి రంధ్రం చుట్టూ అంచు మీద ఒత్తిడి పెంచి మధ్యలోకి రక్తం రాకుండా చేస్తాయి. మడమల కింద నీళ్ళు నింపిన గ్లవ్స్ పెట్టడం కూడా మానెయ్యండి. స్పిరిట్ రాస్తే చర్మం ఎండిపోతుంది, పౌడర్ చల్లితే చెమటకి ముద్దకట్టి గరుకుగా రాసుకుంటుంది.

చెయ్యాల్సింది బరువు తియ్యడం. మామూలుగా చెప్పే లెక్క రెండు గంటలకోసారి పక్క మార్చమని. ఇది మంచి ఆరంభమే కానీ రాతిశాసనం కాదు. తిప్పాక అరగంట గడిచినా ఆ మచ్చ పోవట్లేదంటే ఆ మనిషికి రెండు గంటలు ఎక్కువ, ఇంకా తొందరగా తిప్పాలి. కుర్చీలో ఉన్నప్పుడు బరువంతా చిన్నచోట పడుతుంది, అందుకని గంట కూడా ఎక్కువే, మధ్యమధ్యలో ముందుకి వంచి, పక్కకి వాల్చి బరువు తీస్తుండాలి.

పక్కకి తిప్పడమంటే నిలువుగా తుంటి ఎముక మీద నిలబెట్టడం కాదు. వీపు వెనక ఒక దిండు దోపి 30 డిగ్రీలు మాత్రం వాల్చండి, అప్పుడు బరువు పిరుదు కండ మీద పడుతుంది, తుంటి ఎముక మీదా పడదు, నడుము కింది ఎముక మీదా పడదు. మోకాళ్ళ మధ్య ఒక దిండు. మడమల విషయంలో ఒకటే సూత్రం, అవి దేనికీ తగలకూడదు. పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. చెయ్యి మడమ కింద అటు నుంచి ఇటు ఆడితే సరిగ్గా పెట్టినట్టు.

తల వైపు ఎత్తి ఉంచడంలో ఒక చిక్కు ఉంది. బాగా ఎత్తితే ఒళ్ళు మెల్లగా కిందకి జారుతుంది, చర్మం మాత్రం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉంటుంది, ఈ లాగుడుకి లోపల రక్తనాళాలు సాగి తెగుతాయి. అందుకని తిండి, ఊపిరి లాంటి అవసరాలు లేని సమయంలో 30 డిగ్రీలు మించనివ్వకండి, ఎత్తాల్సి వచ్చినప్పుడు ముందు మోకాళ్ళ కింద ఎత్తు పెట్టి ఆ తర్వాత తల లేపండి.

ఎయిర్‌బెడ్ కొంటే ఇక తిప్పక్కర్లేదు అనుకునేవాళ్ళు చాలామంది. అది సాయం చేస్తుంది, ఖర్చు పెట్టగలిగితే పెట్టండి, కానీ తిప్పడం మాత్రం ఆగదు. నడుము కింద పరుపు అడుక్కి చెయ్యి దూర్చి చూడండి, ఎముక చేతికి తగులుతుంటే గాలి చాలట్లేదు. దాని మీద మందపాటి బొంతలు, ప్లాస్టిక్ షీట్లు, నాలుగు దుప్పట్లు పరిస్తే ఎయిర్‌బెడ్ వేసీ వేయనట్టే. ఒక దుప్పటి, ముడతలు లేకుండా, చాలు.

తడి ఇంకో శత్రువు. మూత్రం, మలం తగిలి నానిన చర్మం మామూలు చర్మం కంటే చాలా తేలిగ్గా చిట్లుతుంది. డైపర్ ఎంత మంచిదైనా నిండేదాకా ఆగకూడదు, రెండు మూడు గంటలకోసారి చూడాలి, మలం అయితే వెంటనే మార్చాలి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పల్చగా రాయండి. ఆడవాళ్ళకి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి, లేకపోతే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి వెళ్తాయి.

చర్మం తెగి పుండు పడితే సొంత వైద్యం ఆపేసి నర్సుకో డాక్టరుకో చూపించండి. శుభ్రం చెయ్యడానికి నార్మల్ సెలైన్, అంటే మందుల షాపులో దొరికే ఉప్పునీటి ద్రావణం, సరిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది, క్రిములు చస్తున్నాయని మనకి తృప్తిగా ఉంటుంది, కానీ దాంతోపాటు పుండు మానడానికి కొత్తగా పుడుతున్న కణాలూ చచ్చిపోతాయి. మడమ మీద నల్లగా, పొడిగా, గట్టిగా పక్కు కట్టి ఉంటే దాన్ని గిల్లి తియ్యకండి. చెడు వాసన, చీము, చుట్టూ పాకుతున్న వాపు, జ్వరం, వీటిలో ఏది వచ్చినా రేపటిదాకా ఆగొద్దు.

పుండు పైనుంచి మానదు, లోపలి నుంచి మానుతుంది, దానికి ప్రొటీన్ కావాలి. పుండు ఉన్నవాళ్ళకి, వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ళకి రోజుకి కిలో బరువుకి 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ అవసరం, అంటే 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. మంచాన పడ్డాక అరగదని పల్చటి ద్రవాలతో సరిపెడితే ఇందులో పావు వంతు కూడా అందదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టర్నే అడగండి.

తిప్పేటప్పుడు వాళ్ళ భుజం, మీ నడుము రెండూ జాగ్రత్త

కుడివైపు తిప్పాలనుకుందాం. ముందు చెప్పండి, ఇప్పుడు నిన్ను నా వైపు తిప్పుతున్నాను అని. స్పృహ లేనట్టు ఉన్నా చెప్పండి, వినికిడి ఉండొచ్చు. ముందు ఆ మనిషిని మంచం ఎడమ అంచు వైపుకి కొంచెం జరపాలి, లేకపోతే తిప్పాక కుడి అంచు మీద వేలాడతాడు. తర్వాత మీరు కుడివైపుకి వచ్చి, ఆయన కుడి చెయ్యి ఒంటికి దూరంగా పెట్టి, ఎడమ చెయ్యి గుండెల మీదకి, ఎడమ కాలు కుడి కాలి మీదకి వేసి, మీ చేతులు ఒకటి ఎడమ భుజం వెనక, ఇంకోటి ఎడమ తుంటి వెనక పెట్టి మీ వైపుకి దొర్లించండి. అవతలికి తోయడం కంటే ఇది క్షేమం, పడిపోబోతే మీ ఒళ్ళు అడ్డం ఉంటుంది.

పైకి జరపాల్సి వచ్చినప్పుడు చంకల్లో చేతులు వేసి లాగడం, చెయ్యి పట్టుకుని గుంజడం అస్సలు వద్దు. పక్షవాతం వచ్చిన వైపు భుజాన్ని పట్టి ఉంచే కండలు వదులైపోయి ఉంటాయి, ఒక్క గుంజుడుకి కీలు జారుతుంది, ఆ నొప్పి నెలలు ఉంటుంది. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒక దుప్పటిని రెండు మడతలు వేసి ఎప్పుడూ కింద పరిచే ఉంచండి, ఇద్దరు చెరోవైపు నిలబడి ఆ దుప్పటిని ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒక్కసారే లేపి పైకి జరపాలి. ఈడ్చకూడదు, ఈడిస్తే మళ్ళీ చర్మం రాసుకుపోతుంది.

మీ నడుము సంగతి: మంచం మీ నడుము ఎత్తుకి ఉంటే మంచిది, ఎత్తు మార్చలేని మంచం అయితే ఒక మోకాలు మంచం మీద పెట్టి పని చెయ్యండి, వీపు వంచకుండా మోకాళ్ళు వంచండి. వెన్నెముక విరిగినవాళ్ళను మాత్రం ఒక్కరే ఎప్పుడూ తిప్పొద్దు. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా దుంగ దొర్లినట్టు ఇద్దరు ముగ్గురు కలిసి తిప్పాలి, ఎలాగో ఆసుపత్రిలో నర్సు చేత చూపించుకుని, వాళ్ళ ఎదురుగా మీరు ఒకసారి చేసి చూపించి మరీ ఇంటికి రండి.

తినిపించడం, నోరు

పడుకోబెట్టి తినిపించకండి, తాగించకండి. చెంచాడు నీళ్ళు కూడా. పడుకున్నప్పుడు గొంతులోకి వెళ్ళింది అన్నవాహికలోకి కాకుండా ఊపిరి గొట్టంలోకి జారడం చాలా తేలిక, అలా ఊపిరితిత్తుల్లో చేరింది నిమోనియా అవుతుంది. వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా, గడ్డం కొంచెం కిందకి ఉండేలా పట్టుకుని, చిన్న చిన్న ముద్దలు, ఒకటి మింగాకే ఇంకోటి పెట్టండి. మీరు నిలబడి పెడితే వాళ్ళు తల పైకెత్తాల్సి వస్తుంది, అందుకని ఎదురుగా వాళ్ళ ఎత్తులోనే కూర్చోండి. తిన్నాక కనీసం అరగంట, వీలైతే గంట అలాగే కూర్చోనివ్వండి. మగతగా ఉన్నప్పుడు పెట్టొద్దు, ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు.

తినేటప్పుడు తరచుగా పొలమారడం, తిన్నాక గొంతు గరగరమంటూ తడిగా వినపడటం, బుగ్గలో మెతుకులు మిగిలిపోవడం, ప్రతి పూటా తినడానికి చాలాసేపు పట్టడం, ఇవి మింగడంలో ఇబ్బంది ఉందని చెప్పే గుర్తులు. కొంతమందికి అసలు పొలమారకుండానే లోపలికి పోతుంది, కారణం తెలియకుండా మాటిమాటికీ జ్వరం, కఫం వస్తుంటే ఇదేమోనని అనుమానించాలి. మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్టులు ఉంటారు, ద్రవాలు ఎంత చిక్కగా ఇవ్వాలో వాళ్ళు చెబుతారు. పక్షవాతం వచ్చిన చాలామందికి ముద్ద కంటే పల్చటి నీళ్ళే ఎక్కువ ప్రమాదం, ఈ మాట విని ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. ఫీడింగ్ ట్యూబు ఉన్నా నియమం అదే, తల వైపు ఎత్తి ఉంచే ఇవ్వాలి, ట్యూబు బయటికి జారినట్టు అనుమానం వస్తే ఏమీ పోయకుండా ముందు చూపించాలి.

నోరు శుభ్రంగా ఉంచడం అందం కోసం కాదు, ఊపిరితిత్తుల కోసం. నోట్లో పేరుకున్న పాచిలోని క్రిములే లాలాజలంతో కలిసి లోపలికి జారి నిమోనియా తెస్తాయి. నోటితో ఏమీ తిననివాళ్ళకి కూడా, నిజానికి వాళ్ళకే ఎక్కువగా, రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో పళ్ళు, నాలుక తోమాలి. ఉమ్మలేనివాళ్ళని పక్కకి తిప్పి, చాలా కొంచెం నీళ్ళతో తోమి, గుడ్డతో తుడిచెయ్యండి. కట్టుడు పళ్ళు రాత్రి తీసెయ్యాలి.

కాళ్ళు, కీళ్ళు, ఊపిరి

మనం నడుస్తుంటే పిక్క కండలు బిగుసుకుంటూ సడలుతూ రక్తాన్ని పైకి గుండె వైపు తోస్తుంటాయి. నడక ఆగితే ఆ తోపుడు ఆగుతుంది, సిరల్లో రక్తం నిలిచి గడ్డకట్టొచ్చు. ఒక కాలు మాత్రమే వాచడం, పిక్క నొప్పి, వెచ్చదనం, రంగు మారడం, ఇవి గుర్తులు. ఇలా ఉంటే ఆ కాలిని పిసకడం, నూనె రాసి తోమడం వద్దు, గడ్డ విరిగి ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోవచ్చు. అదే రోజు డాక్టరుకి చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం, వీటికి మాత్రం ఫోన్లు చేసి సలహాలు అడుగుతూ కూర్చోకుండా అంబులెన్స్ పిలవండి.

గడ్డ లేనప్పుడు, డాక్టరు వద్దనకపోతే, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాల్ని పైకీ కిందకీ ఆడించమనండి. తనంతట తాను ఆడించలేకపోతే మీరు ఆడించండి. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు, తుంటి, మోకాలు, చీలమండ, ఒక్కో కీలునీ అది ఎటు ఎంతవరకు వెళ్తుందో అంతవరకు, మెల్లగా, కొన్నిసార్లు, రోజుకి రెండు పూటలా. నొప్పి వచ్చిన చోట ఆగాలి, బలవంతంగా విరవకూడదు. ఈ పని మానేస్తే కీళ్ళు బిగుసుకుపోతాయి, మోకాలు వంగినది వంగినట్టే ఉండిపోతుంది, అప్పుడు ఒళ్ళు తుడవడం కూడా కష్టమవుతుంది. వంచి ఉంచితే హాయిగా ఉందని రోజంతా మోకాళ్ళ కింద దిండు పెట్టే ఉంచొద్దు. పాదం ముందుకి వాలిపోయి అలాగే బిగిసిపోతే రేపు నిలబడే శక్తి వచ్చినా నిలబడలేరు, అందుకని బరువైన దుప్పట్లు పాదాల్ని కిందకి నొక్కకుండా చూడండి, ఫిజియోథెరపిస్టుని అడిగి అవసరమైతే పాదం వాలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ పెట్టించండి.

ఊపిరి కోసం ముఖ్యమైన పని కూర్చోబెట్టడమే. కూర్చున్నప్పుడు ఊపిరితిత్తులు కిందిదాకా తెరుచుకుంటాయి, దగ్గు బలంగా వస్తుంది, కఫం కదులుతుంది. చాలా రోజుల తర్వాత మొదటిసారి కూర్చోబెడుతుంటే ఒక్కసారి లేపొద్దు, బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ముందు తల వైపు ఎత్తి కాసేపు, తర్వాత కాళ్ళు వేలాడేసి కాసేపు, అప్పుడు మిగతాది. గంటకోసారి నిండుగా గాలి పీల్చి వదిలించండి. దగ్గు వస్తోందని డాక్టర్ని అడక్కుండా దగ్గు ఆపే సిరప్ పొయ్యకండి, కఫం బయటికి రావడానికి ఉన్న దారి ఆ దగ్గే.

స్పర్శ తగ్గిన కాళ్ళ దగ్గర వేడినీళ్ళ బ్యాగు పెట్టకండి. కాలుతున్నా వాళ్ళకి తెలియదు.

మూత్రం, విరేచనం

మాటిమాటికీ పక్క తడుస్తోందని నీళ్ళు తగ్గించి ఇచ్చే ఇళ్ళు ఉన్నాయి. కొన్నిచోట్ల అడిగి లేపించుకోవడం ఇష్టం లేక ఆ మనిషే తాగడం మానేస్తాడు. ఫలితం మాత్రం ఒకటే, మూత్రం చిక్కబడి ఇన్‌ఫెక్షన్, రాళ్ళు, మలబద్ధకం, తికమక. కదలకపోతే ఎముకల్లోంచి కాల్షియం కరిగి మూత్రంలోకి వస్తుంది, రాళ్ళు అందుకే త్వరగా కడతాయి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు కొలత పెడితే తప్ప, మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా నీళ్ళు ఇవ్వండి.

క్యాథెటర్ ఉంటే ముందు అడగాల్సింది, ఇది ఇంకా అవసరమా అని. లోపల ఉన్న ప్రతిరోజూ ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతూ ఉంటుంది. అవసరమే అయితే యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, తిప్పేటప్పుడు కూడా, అలాగని నేలకి తగలకూడదు. గొట్టం మెలికపడకుండా, లాగినా ఊడకుండా తొడకి అంటించి పెట్టాలి. బ్యాగు పూర్తిగా నిండకముందే చేతులు కడుక్కుని ఖాళీ చెయ్యండి, మధ్యలో గొట్టాన్ని ఊడదీసి మళ్ళీ పెట్టడం లాంటివి చెయ్యకండి. చాలా రోజులుగా క్యాథెటర్ ఉన్నవాళ్ళకి మూత్రం కొంచెం మబ్బుగా ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు, కానీ చలి జ్వరం, పొత్తికడుపు నొప్పి, కొత్తగా తికమక ఉంటే చూపించాలి. కొన్ని గంటలుగా బ్యాగులోకి చుక్క రాకపోతే, పొత్తికడుపు ఉబ్బితే, గొట్టం ఎక్కడో మూసుకుపోయినట్టే.

వెన్నుపాము ఛాతీ మధ్యభాగం దగ్గర గానీ అంతకంటే పైన గానీ దెబ్బతిన్నవాళ్ళ ఇళ్ళలో ఈ ఒక్క పేరా అందరికీ తెలిసి ఉండాలి. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ విపరీతంగా పెరగడం కనపడితే అది ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి. చాలాసార్లు కారణం మూత్రాశయం నిండిపోవడమో, మలం గట్టిపడి అడ్డుపడటమో అవుతుంది. వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, బిగుతైన బట్టలు వదులు చెయ్యండి, క్యాథెటర్ గొట్టం మెలికపడిందేమో, బ్యాగు నిండిందేమో చూడండి. నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రి.

మలబద్ధకంలో ఒక మోసం ఉంది. మూడు నాలుగు రోజులు ఏమీ రాకుండా, తర్వాత నీళ్ళలాగా కొంచెం కొంచెం కారుతుంటే అది విరేచనాలు కాకపోవచ్చు. లోపల మలం రాయిలా గట్టిపడి, దాని పక్కనుంచి నీళ్ళు మాత్రం కారుతుంటాయి. విరేచనాలు ఆగే మాత్ర వేస్తే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. అందుకే ఏ రోజు ఎంత అయింది, ఎలా అయింది రాసి పెట్టుకోండి, ఈ లెక్క డాక్టరుకి చాలా ఉపయోగపడుతుంది. ఘాటైన నొప్పి మాత్రలు వాడుతున్నవాళ్ళకి మలబద్ధకం దాదాపు తప్పదు, మాత్రతో పాటే దానికీ మందు అడగండి. తిన్న కాసేపటికి పేగులు కదులుతాయి, ఆ టైంలో కూర్చోబెట్టగలిగితే కమోడ్ కుర్చీ మీద, కాళ్ళు ఆనించి కూర్చోబెట్టండి. పడుకుని బెడ్‌పాన్‌లో వెళ్ళడం ఎవరికైనా కష్టమే. తలుపు వేసి కాసేపు ఒంటరిగా వదలడం కూడా మందే.

మనసు, తికమక

మాట స్పష్టంగా ఉండే మనిషి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోతే, రాత్రిళ్ళు లేనివి కనపడుతున్నాయంటే, వయసు వచ్చింది కదా అని వదిలెయ్యకండి. అది శరీరంలో ఏదో జరుగుతోందని చెప్పే గుర్తు. ఇన్‌ఫెక్షన్, మూత్రం బిగబట్టుకుపోవడం, మలబద్ధకం, నీళ్ళు చాలకపోవడం, కొత్త మందు, నొప్పి, కారణం ఏదైనా కావొచ్చు. గొడవ చేసేవాళ్ళని అందరూ గమనిస్తారు, నిశ్శబ్దంగా మగతలోకి జారిపోయి తిండి మానేసేవాళ్ళని ఎవరూ గమనించరు, వాళ్ళ విషయంలోనే ఎక్కువ భయపడాలి.

కళ్ళజోడు, వినికిడి మిషన్ వాడే అలవాటుంటే మంచాన పడ్డాక కూడా పెట్టండి. పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి, గడియారం కనపడేలా పెట్టండి, రాత్రి దీపాలు తగ్గించండి. పగలూ రాత్రీ ఒకేలా ఉండే గదిలో ఎవరికైనా మతి చెదురుతుంది. ఆ మనిషి గురించి ఆ మనిషి మంచం పక్కనే నిలబడి, ఆయన లేనట్టు మాట్లాడుకోవద్దు. ఒళ్ళు తుడిచేటప్పుడు తుడుస్తున్న చోటు తప్ప మిగతా ఒళ్ళు కప్పే ఉంచండి, ఇంట్లోవాళ్ళం కదా సిగ్గేమిటి అనుకోకండి, ఎవరి సిగ్గు వాళ్ళది. ఏ బట్టలు వేసుకుంటారో, ఎప్పుడు తింటారో అడిగి చెయ్యండి. చాలా రోజులుగా ఏడుపు, ఎవరితోనూ మాట్లాడకపోవడం, చచ్చిపోతే బాగుండు అనడం ఉంటే ఓదార్చి ఊరుకోకుండా డాక్టరుకి చెప్పండి, దానికీ వైద్యం ఉంది.

చూసుకునేవాళ్ళ సంగతి

ఇన్ని పనులు ఒక్కరే చేస్తే కొన్ని నెలల్లో ఆ ఒక్కరూ మంచాన పడతారు. సాధారణంగా ఇంట్లో ఒకరి మీదే, చాలావరకు ఆడవాళ్ళ మీదే ఈ భారం పడుతుంది, మిగతావాళ్ళు వచ్చి బాగానే చూస్తున్నావని మెచ్చుకుని వెళ్ళిపోతారు. మెచ్చుకోలు వద్దు, షిఫ్ట్ కావాలి. రాత్రి తిప్పే పని ఎవరెవరిది ఏయే రోజు అని ముందే పంచుకోండి. రెండు రోజులు నిద్ర లేని మనిషి మందు మోతాదు తప్పు వేస్తాడు, తిప్పేటప్పుడు పట్టు జారుస్తాడు. డబ్బు పెట్టి మనిషిని పెట్టుకోగలిగితే అది ప్రేమ లేకపోవడమేమీ కాదు.

పని చేతులు మారాలంటే అన్నీ ఒకరి తలలోనే ఉండకూడదు. ఒక కాగితం మీద రాయండి: ఏ టైంకి ఏ వైపు తిప్పారు, ఎంత తాగారు, మూత్రం ఎంత, విరేచనం ఎప్పుడు, చర్మం మీద ఎక్కడ మచ్చ ఉంది, మందులు ఎన్ని గంటలకి, ఏం పెట్టకూడదు, ఏ వైపు తిప్పకూడదు. మచ్చ ఉంటే రోజూ ఒకే దూరం నుంచి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, పెరుగుతోందో తగ్గుతోందో జ్ఞాపకం మీద ఆధారపడకుండా తెలుస్తుంది. డాక్టరు, నర్సు, అంబులెన్స్ నంబర్లు పెద్ద అక్షరాలతో అదే కాగితం మీద రాసి మంచం తల దగ్గర గోడకి అంటించండి, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవర్నీ నిద్ర లేపకుండా చూసుకునేలా.